యాది పలక మీద అతుకు

పందొమ్మిదివందల డెబ్బై ఒకటి ఎండాకాలమంతా మా నాయన చొక్కా జేబులో ఒక పేపరు ముక్క ఉండేది. మార్చి నెలలో ఇంగ్లీషు పేపర్లో పడ్డ వార్త అది. మడిచీ విప్పీ, మడిచీ విప్పీ ఏప్రిల్ చివరికల్లా నాలుగు చెక్కలైతే, అమ్మ మైదాపిండి ఉడికించి వెనకాల కాగితం అంటించి ఇచ్చింది. మా నాయన జయానందం బళ్లో ఆరో తరగతి పంతులు. చదివి వినిపించడం ఆయనకు వృత్తి, వ్యసనం కూడా. పాపన్నపేట నుంచి వడ్ల బండి తోలుకొచ్చినవాణ్ణి కూడా ఆపి ఆ ముక్క చదివి, తెలుగులో అర్థం చెప్పేవాడు.

హైదరాబాదు శివారులో కొత్తగా పెట్టిన ఒక కంపెనీ, కంప్యూటర్ అనే మిషనుకు కావలసిన మెమరీని సొంతంగా తయారు చేసిందనీ, బయట దేశం నుంచి తెప్పించుకోవలసిన అవసరం ఇక లేదనీ, జూన్ ఒకటో తారీకుకల్లా మొదటి మెమరీ పెట్టె మిషనులో కూర్చుంటుందనీ ఆ వార్త సారాంశం. పక్కన ఒక ఫొటో. అందులో సూటు వేసుకున్న పెద్దాఫీసరు అరచేతిలో, పోస్టుకార్డులో సగమంత చట్రం ఒకటి పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ చట్రం నిండా తీగెలు గుచ్చింది మెదక్ పట్టణంలో ఉండే ఎలిశిబా, అంటే మా అమ్మ. పేపర్లో ఆ మాట లేదు. మా నాయన చదివేటప్పుడు మాత్రం తప్పకుండా ఉండేది.

అమ్మ చేతికి ఆ చట్రం ఎట్లా వచ్చిందో చెప్పాలి. చర్చి వెనక సందులో భూమయ్య ఇంటి ముందరి గది కిరాయికి తీసుకుని, అమ్మతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్లు లేసు అల్లేవారు. దిండు గలీబుల అంచులు, టీపాయి గుడ్డలు, చిన్నపిల్లల టోపీలు. అల్లినవి సికింద్రాబాదు షాపులకు పోయేవి. ఆ సంవత్సరం జనవరిలో రిచర్డ్ ఒక రేకు డబ్బా పట్టుకుని ఆ గదికి వచ్చాడు. మా వాడకట్టు పిల్లాడే. ఇంజనీరు చదివి ఆ కంపెనీలో చేరి రెండేళ్లయింది. చాప మీద తెల్లగుడ్డ పరిచి, డబ్బాలోంచి నల్లటి పొడిలాంటిది ఒంపాడు. వంగి చూస్తే అది పొడి కాదు. ఆవగింజకన్నా చిన్న ఉంగరాలు. పక్కనే వాటిని గుచ్చాల్సిన ఖాళీ చట్రం పెట్టాడు.

"పెద్దమ్మా, గివి ఒక్క పలకకు వెయ్యిన్ని ఇరవై నాలుగు. ఒక్కో దాంట్లకెళ్లి నాలుగు తీగెలు పోవాలె. మా కాడ మొగోళ్లు భూతద్దం పెట్టుకొని వారం రోజులు కూసున్నరు. సగం పలక గాలే, మెడలు మాత్రం పట్టుకున్నయ్," అన్నాడు.

"ఏం పనికొస్తది బిడ్డా ఇది?" అని అమ్మ అడిగింది.

"మెమరీ అంటరు, మిషనుకు యాది ఇదే. ఒక్కో పూస ఒక్కో మాట పట్టుకొని ఉంటది. అవునో, కాదో. అంతే. కరెంటు పోయినా మర్చిపోదు."

"అవును, కాదు తప్ప ఇంకో మాట రాదా?" అంది కమలమ్మ, చేతిలో అల్లిక ఆపకుండానే. "మా ఆయన లెక్కనే ఉన్నది."

గదంతా నవ్వింది. ఆ రోజు నుంచి మాకు అవి పూసలు, ఆ చట్రాలు యాది పలకలు. కంపెనీ కాగితాల మీద వాటికి ఏం పేరుండేదో నాకు ఇప్పుడు గుర్తు లేదు.

నాకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. పీయూసీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. ఏ పలక ఎవరు గుచ్చారో, ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పుడు ముగించారో పుస్తకంలో రాసే పని నాకిచ్చారు. అందుకని మొదటి పలక సంగతి నాకు బాగా తెలుసు. మూడు తీగెలు తొందరగానే అయిపోయాయి. నాలుగో తీగె మాత్రం పలకలోని అన్ని పూసల్లోంచీ ఒక్కటిగా పోవాలి. తల వెంట్రుక అంత సన్నం. ఫిబ్రవరి చివర్లో ఒక సాయంత్రం, తొమ్మిది వందల పూసలు దాటాక, అది తెగింది. మర్నాడు పొద్దున రిచర్డ్ వచ్చి ఆ పలకను తీసుకుపోవాలి.

అమ్మ బ్లేడు మొనతో రెండు కొసల మీదున్న రంగు పూత గీకి, కొసలు రెండూ మెలిపెట్టి, మెలికను రెండు పూసల నడుమ అణిచి, గాజుల లక్క కొంచెం వేడిచేసి సూదిమొనతో ఒక చుక్క పెట్టింది. చుక్క ఆరాక నేను వెలుతురుకు పట్టి చూశాను. అతుకు ఎక్కడుందో నాకే కనబడలేదు.

లేసు పనిలో అది తప్పు కాదు. దారం తెగుతుంది, అయిపోతుంది, కొత్త దారం కలపాలి. ఆ కలిపిన చోటు కొన్నవాడి కంటికి కనబడకుండా చెయ్యడమే పనితనం. అతుకు వేశానని చెప్పుకునేది పని రానిది. ఎలిశిబా అతుకంటే సికింద్రాబాదు షాపువాళ్లు కూడా పట్టలేరని మా గదిలో అనుకునేవారు. ఆ గదిలో ఉన్న పదకొండు మందికీ ఆ విద్య నేర్పింది అమ్మే. పీయూసీలో సైన్సు చదివినదాన్ని, తీగెలో కరెంటు పోతుందని తెలిసినదాన్ని, నాకైనా తట్టాలి కదా. తట్టలేదు. ఎంత బాగా వేసిందో అని మురిసిపోయాను.

ఆ పలక హైదరాబాదులో చక్కగా పనిచేసింది. వారం తిరక్కుండానే పెద్దాఫీసరు దాన్ని అరచేతిలో పెట్టుకుని ఫొటో దిగాడు, తారీకు చెప్పాడు. మా నాయన జేబులోకి పేపరు ముక్క వచ్చింది.

*

తారీకు చెప్పినంత తేలిక కాదు కదా పెట్టె పంపడం. పదహారు పలకలు ఒక పెట్టెకు కావాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మా గదిలో లేసు అల్లిక పూర్తిగా ఆగిపోయింది. సికింద్రాబాదు షాపుల పని వద్దని కబురు పంపేశాం. ఎండలు ముదిరినకొద్దీ చెమట చేతులకు తీగె జారి తెగడం ఎక్కువైంది. తెగినప్పుడు "అయ్యో" అని ఎవరూ అనేవాళ్లు కాదు. గీకిన చప్పుడు మాత్రం వినిపించేది. తర్వాత లక్క వాసన.

ఏప్రిల్ చివరికి పదహారు పలకలూ పంపించాం. రెండో పెట్టెకు పలకలు మొదలుపెట్టి, మొదటిది ఇక బయలుదేరుతుందని అనుకున్నాం. రిచర్డ్ దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. జూన్ ఒకటి కాదు, జూన్ పదిహేను అని. పూసలు కాల్చే బట్టీలో ఏదో తేడా ఉందట. మే నెల మధ్యలో ఇంకో ఉత్తరం. వానలు పడ్డాక అని.

నాయన పరిస్థితి చూస్తే నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. బస్టాండు దగ్గర నర్సింహ హోటల్లో చాయ్ తాగనిదే ఆయనకు పొద్దు గడవదు. మార్చిలో ఆయన వార్త చదువుతుంటే నోరు తెరుచుకుని విన్నవాళ్లే, మే నెలలో ఆయన్ని చూడగానే బెంచీ మీద సర్దుకుని కూర్చునేవారు.

"ఏం సారూ, మీ మిషనుకు యాది వచ్చిందా?" అని నర్సింహ అడిగేవాడు.

"వస్తది. బట్టీల జర తేడా ఉన్నదట."

"జూన్ ఒకటి అన్నరు గద."

"పెద్ద పని. ఆలస్యమైతది."

"తారీకు గూడ యాదికి లేనట్టున్నది సారూ గా మిషనుకు!"

నాయన చాయ్ సగంలో వదిలేసి ఇంటికి వచ్చేవాడు. పేపరు ముక్క మాత్రం జేబులోంచి తియ్యలేదు. అమ్మ ఆయన మీద విసుక్కునేది. "ఎవరు చదువుమన్నరు నిన్ను ఊరందరికి? మిషన్ల కూసున్నంక చెప్తె నోరు అరిగిపోతుండెనా?" అనేది.

మే నెల ఆఖరి వారంలో రిచర్డ్ తనే వచ్చాడు. గడ్డం మాసి ఉంది. గదిలోకి వచ్చి, అందరికీ వందనాలు చెప్పి, గోడకు ఆనుకుని చాప మీద కూలబడ్డాడు. దానమ్మ కుండలోంచి నీళ్లు ముంచి ఇస్తే చెంబెడు నీళ్లూ తాగేశాడు.

"పెద్దమ్మా, పని బందయ్యేటట్టున్నది," అన్నాడు.

అందరి చేతులూ ఆగాయి.

"పదహారు పలకలల్ల పదకొండు గట్లనే ఉన్నయ్. పొద్దుగాల మంచిగ పనిచేస్తయ్. మధ్యాహ్నం ఎండెక్కినంక మర్చిపోతయ్. సాయంత్రం చల్లవడ్డంక మళ్ల మంచిగైతయ్. పూసలే వేడికి ఆగుతలేవని మూడుసార్లు మందు మార్చి కాల్చినం. మూడుసార్లు అదే కథ. జూన్ ఇరవై దాక చూస్తం అంటున్నడు మా పెద్దసారు. ఆ తర్వాత బయట దేశానికెళ్లి తెప్పిస్తరట."

"నీ కొలువు?" అమ్మ అడిగింది.

"మా ఆఫీసరుకు గా తారీకు చెప్పింది నేనే గద పెద్దమ్మా. పేపరోళ్లకు రాసిచ్చింది గూడ నేనే. పూసల మందు కలిపింది నేనే. ఇంకెవరి మీదికి పోతది?" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "మీ చేతి పని ఫస్టు క్లాసు. దాంట్ల తప్పు పట్టేటోడు లేడు. నా పూసలే దరిద్రపుయి."

అమ్మ చేతిలో ఉన్న పలకను తెల్లగుడ్డ మీద బోర్లా పెట్టింది. ఆ పూట మళ్లీ ముట్టుకోలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం అమ్మ గోంగూర తుంచుతూ కూర్చుంది. నాయన ఇంట్లో లేడు. ఆకూ పుల్లా కలిపి ఒకే గిన్నెలో వేస్తోంది. నేను చూసి, గిన్నె నా దగ్గరికి లాక్కున్నాను.

"నవోమీ, తీగె అతికినకాడ కరెంటుకు తెలుస్తదా?" అని అడిగింది.

అప్పుడు తట్టింది నాకు. మూడు నెలలు ఆలస్యంగా, ఒక్కసారిగా. మెలిపెట్టిన రాగి, ఎండకు సాగుతుంది. మెలిక వదులవుతుంది. వదులైన చోట కరెంటు ఆగుతుంది. చల్లబడితే మళ్లీ బిగుస్తుంది. కొత్తలో మెరిసే రాగి నాలుగు వారాలకు నల్లబడుతుంది కాబట్టి మొదటి పలక పరీక్షలో నెగ్గింది, తర్వాత తప్పింది. అంతా చెప్పాను.

అమ్మ చాలాసేపు చేతులు చూసుకుంది.

"పూసల తప్పు లేదన్నట్టు," అంది.

"లేదేమో."

"వాడు రెండు నెలల సంది పూసలనే తిడుతున్నడు."

ఇక్కడ నేను చెప్పుకోవడానికి సిగ్గుపడే మాట ఒకటుంది. "చెప్పకు అమ్మా," అన్నాను. "ఇప్పుడు చెప్తె నీ పేరు పోతది. పన్నెండు మంది పని పోతది. ఎట్లైనా బందైతదంటున్నరు గద, పూసలతోనే బంద్ కానీ. మనం మళ్ల లేసు అల్లుకుందాం."

అమ్మ నన్ను తిట్టలేదు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ తర్వాత అయిదారు రోజులు ఇంట్లో మనిషిలా తిరిగింది కానీ మనిషి కాదు. పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. ముప్పై ఏళ్లుగా ఆమెకు ఉన్న ఆస్తి ఆ చేతులకున్న పేరే. పెళ్లిళ్లలో, ప్రార్థన కూటాల్లో ఆడవాళ్లు తమ పిల్లలకు ఆమెను చూపించి, "గా ఎలిశిబమ్మ చెయ్యి చూడు" అనేవారు. ఆ చెయ్యే తప్పు చేసిందని తనే పోయి చెప్పాలి. చెప్పకపోతే పక్కింట్లో పెరిగిన పిల్లాడు ఏ తప్పూ చెయ్యకుండా మునుగుతాడు. ఆమె గుండెల్లో ఏం నలుగుతోందో నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను.

జూన్ మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అంటే ఏసు పేరిట రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు; మనసులో తప్పు దాచుకుని దాన్ని ముట్టకూడదంటారు. వరస వరసగా అందరూ లేచి ముందుకు పోయి మోకరిస్తున్నారు. మా వరస వచ్చింది. నాయన లేచాడు, నేను లేచాను. అమ్మ లేవలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆమె ఆ బల్ల దగ్గరికి పోకుండా ఉండటం నేను చూడలేదు. జ్వరంతో ఉన్నప్పుడు కూడా పోయింది. నాయన రెండడుగులు వేసి వెనక్కి చూశాడు. మళ్లీ ముందుకు పోయాడు.

ఇంటికి వచ్చాక, చొక్కా విప్పకుండానే అడిగాడు. "ఒంట్ల మంచిగ లేదా?"

అమ్మ చెప్పేసింది. తడుముకోకుండా, మొదటి పలక నుంచి. నేను పక్కన నిలబడి, "నేను గూడ చూసిన నాయినా," అన్నాను. ఆయన అంతా విన్నాడు. ఊళ్లో అందరి ముందూ తన మాట పోయిందని బాధపడ్డ మనిషి కదా, ఎగురుతాడని అనుకున్నాను. ఒక మాట తోచినా పది మాటలు చెప్పే ఆయన, ఆ రోజు మంచం మీద కూర్చుని అంగీ గుండీ ఒకటి పెట్టుకుంటూ తీసుకుంటూ ఉన్నాడు.

"రేపు పొద్దుగాల ఆరింటికి నర్సాపూర్ మీదికెళ్లి హైదరాబాద్ బస్సున్నది," అన్నాడు చివరికి. "నువ్వు, బిడ్డ పోండ్రి. నేను వస్తె నేనే మాట్లాడుత. నువ్వు మాట్లాడాలె."

*

కంపెనీ అంటే గొప్పగా ఊహించుకున్నాను. రేకుల షెడ్డు, లోపల పొడుగాటి బల్లలు, బల్లల మీద గాజు ముఖాల గడియారాల్లాంటి మీటర్లు. మమ్మల్ని చూసి రిచర్డ్ కంగారుగా లేచాడు. ఇంట్లో ఏదైనా కీడు జరిగిందనుకున్నాడు పాపం.

"మీ పెద్దసారును పిలువు బిడ్డా. ఒక్కసారే చెప్త. రెండుసార్లు చెప్పలేను," అంది అమ్మ.

పెద్దసారు పేరు రాంచందర్. ఫొటోలో నవ్విన ఆఫీసరు కాదు ఈయన. నెరిసిన జుట్టు, తక్కువ మాటలు. ఆయన నిలబడే ఉన్నాడు, అమ్మా నిలబడే ఉంది. నాలుగో తీగె తెగితే తాను ఏం చేసిందో, గదిలో అందరూ ఏం చేస్తున్నారో చెప్పింది. కొంగు కొస మాత్రం వేలికి చుట్టుకుంటూనే ఉంది.

రిచర్డ్ లోపలికి పోయి ఆ పదకొండు పలకల్లో ఒకటి తెచ్చి భూతద్దం కింద పెట్టాడు. చూశాడు. తిప్పి చూశాడు. రాంచందర్ చూశాడు.

"నాకు కనబడ్తలేదు," అన్నాడాయన.

అమ్మ సంచిలోంచి లేసు అల్లే క్రోషా సూది తీసింది. భూతద్దం వద్దంది. పలకను ఎడమచేతిలోకి తీసుకుని, కుడిచేతి బొటనవేలితో మెల్లగా వరస వెంట తడుముతూ పోయింది. ఒకచోట ఆగి సూదిమొన ఆనించింది. "ఇగో, ఇక్కడ."

అప్పటికి పన్నెండు దాటింది. రేకుల కింద చెమటలు కారుతున్నాయి. రిచర్డ్ పలకకు తీగెలు తగిలించి, పక్కన ఒక పెద్ద బల్బు వెలిగించి వేడి తగలనిచ్చాడు. మీటరు ముల్లు కాసేపు నిలకడగా ఉండి, తర్వాత సున్నా మీద పడిపోయింది. రెండు నెలలుగా వాళ్లు చూస్తున్నది అదే. "ఇప్పుడు ఒత్తు పెద్దమ్మా," అన్నాడు. అమ్మ సూదిమొనతో ఆ చోట ఒత్తింది. ముల్లు లేచి నిలబడింది. సూది తీసింది. ముల్లు పడిపోయింది. మళ్లీ ఒత్తింది. మళ్లీ లేచింది.

రిచర్డ్ స్టూలు మీద కూర్చుండిపోయి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడనుకుని అమ్మ అతని నెత్తి మీద చెయ్యి వేసింది. ముఖం ఎత్తాడు. ఏడుస్తూనే నవ్వుతున్నాడు.

"పూసలు మంచిగనే ఉన్నయ్ సార్! మొదటి మందే మంచిగుండె! రెండు నెలలు నేను బేకార్ గ వాటిని తిట్టిన!"

రాంచందర్ మాత్రం నవ్వలేదు. "అమ్మా, గిది ముందుగాల ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు.

"లేసుల అతుకు గురించి ఎవ్వరం చెప్పం సారూ. కనబడకుండ వేసుడే పని. తీగె తెగకుండ చూడుండ్రి అన్నడు పిల్లగాడు. తెగితె ఏం చెయ్యాల్నో ఆయన చెప్పలే, నేను అడగలే."

"పదకొండు పలకలల్ల అన్నీ మీరే వేసిన్రా?"

"కొన్ని నేను వేసిన. కడమయి నేను నేర్పిన. అన్నీ నాయే అనుకోండ్రి."

ఆయన పలకను మళ్లీ తీసుకుని వెలుతురుకు పట్టాడు. ఇక మమ్మల్ని పనిలోంచి తీసేస్తాడనుకున్నాను.

"వెయ్యిన్ని ఇరవై నాలుగు పూసలల్లకెళ్లి ఒక్కటే తీగె గుచ్చుమనుడు మన తప్పు రిచర్డ్," అన్నాడు. "తీగెను నాలుగు ముక్కలు చెయ్యి. కొసలన్నీ చట్రం బయటికి తీసి, అక్కడ మనమే టంకం పెడదాం. తెగితె పావు వంతే పోతది."

"మరి మా ఆడోళ్ల పని?" అమ్మ అడిగింది.

"భూతద్దానికి దొరకంది వేలితో పట్టిన్రు. మిమ్మల్ని తీసేసి నేను ఎవర్ని తెచ్చుకోవాలమ్మా? తెగితె చెప్పుండ్రి, అంతే. ఇంకేం వద్దు."

అమ్మ అక్కడే, ఆ బల్ల కాలు పట్టుకుని కింద కూర్చుంది. నా సంగతి వేరే చెప్పాలా? నాకు సంతోషంతో పెద్దగా అరవాలనిపించింది. అంత మంచివార్త వినడానికి నేనే అడ్డం పడబోయానని కూడా అప్పుడే తెలిసింది. తిరుగు బస్సులో నర్సాపూర్ అడవి దాటేదాకా అమ్మ నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. కండక్టరు టికెట్టుకు వచ్చినా లేపనివ్వలేదు నేను.

*

ఇంకో గండం మిగిలే ఉంది. మంగళవారం గదిలో అందరికీ చెప్పాలి. తమ గుట్టు తీసుకుపోయి కంపెనీవాళ్ల ముందు పెట్టిందని వాళ్లకు కోపం రావచ్చు. అమ్మ తలుపు దగ్గరే నిలబడి, జరిగిందంతా చెప్పి, "అన్నీ నా అతుకులే అనుకోండ్రి అన్న. మీ పేర్లు చెప్పలే," అంది.

అందరూ ఎవరి ఒడిలోకి వాళ్లు చూసుకుంటున్నారు. చివరికి దానమ్మ గొంతు సవరించుకుంది.

"అక్కా, నా పలకల్ల మూడున్నయ్."

"నాయి రెండు," అంది బాలలక్ష్మి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"నాకు లెక్క తెల్వదు," అంది కమలమ్మ. "ఒక పలకల అయితె తీగెకన్న అతుకులే ఎక్కువుంటయ్. గా పెద్దాఫీసరు చేతుల పడకుండ దేవుడు కాపాడిండు!"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. పన్నెండు మందీ చాప మీద దొర్లేలా నవ్వారు. భూమయ్య భార్య ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. అమ్మ నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. నెలలుగా ఆ గదిలో అందరూ ఒకే గుట్టు విడివిడిగా దాచుకుంటున్నారని నాకు అప్పుడు అర్థమైంది. ఆ రోజునుంచి ఎవరి తీగె తెగినా, "తెగింది!" అని గట్టిగా చెప్పాలి. నేను పుస్తకంలో రాసుకోవాలి. మొదట్లో సిగ్గుపడి గొణిగేవారు. జూలై వచ్చేసరికి కూరగాయలు అమ్మేవాళ్లలా కేకలు పెట్టేవారు.

మొదటి పెట్టె ఆగస్టు పదకొండున కంపెనీలోంచి మిషను ఉన్న చోటికి బయలుదేరింది. చెప్పిన తారీకుకు డెబ్బై ఒక్క రోజులు ఆలస్యం. నాయన పది రోజులు ఇంగ్లీషు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికాడు. పెట్టె పోయిందని ఎక్కడా ఒక్క ముక్క రాలేదు. చేస్తామన్నప్పుడు ఫొటో వేసినవాళ్లు, చేశాక ఊసే ఎత్తలేదు. ఆయనకు మాత్రం అది పెద్ద నొప్పిగా తోచినట్టు లేదు. నర్సింహ హోటల్లో ఎవరో అడిగితే, "పోయింది," అని చెప్పి చాయ్ పూర్తిగా తాగి వచ్చాడట.

ఆగస్టు చివర్లో, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, రిచర్డ్ కార్డు వచ్చింది. నేను అమ్మకు చదివి వినిపించాను. వందనాలు, క్షేమ సమాచారాలు అయ్యాక ఇట్లా ఉంది: "పెద్దమ్మా, పెట్టెను మిషనులో కూర్చోబెట్టి వారమైంది. వాన పడి చల్లగా ఉందని నాకు నమ్మకం కుదరలేదు. పక్కన కరెంటు పొయ్యిలు రెండు పెట్టి, ఎండాకాలమంత వేడి చేసి చూశాం. నిన్న మధ్యాహ్నం కూడా ఒక్కటీ మర్చిపోలేదు."

"మళ్ల చదువు," అంది అమ్మ.

చదివాను.

"మధ్యాహ్నమేనా? మంచిగ చూడు. పొద్దుగాల అని రాసిండేమో."

"మధ్యాహ్నమే అమ్మా."

కార్డు నా చేతిలోంచి తీసుకుంది. ఆమెకు చదువు రాదు. ఏ మాట మధ్యాహ్నమో అడిగి, దాని మీద బొటనవేలు పెట్టి ఒకసారి మెల్లగా తడిమింది. తర్వాత కార్డు బైబిల్లో పెట్టి, రెండు కాళ్లూ బార్లా చాపుకుని గోడకు చేరగిలపడింది.

"జర అన్నం పెట్టు బిడ్డా," అంది. "మస్తు ఆకలైతున్నది."